కొత్త బంతి నేర్పే ముందు పిల్ల భుజం చూడండి

ఫాస్ట్‌పిచ్ సాఫ్ట్‌బాల్ పిచింగ్: చేయవలసినవి - చేయకూడనివి

బందరు (మచిలీపట్నం) దగ్గర గిలకలదిండి, చిలకలపూడి వైపు పిల్లలకు క్రికెట్ ఒకరు నేర్పనక్కర్లేదు. మూడు పుల్లలు పాతితే ఆట మొదలవుతుంది. సాఫ్ట్‌బాల్ అలా రాదు. బడిలో పీఈటీ మాస్టారో మేడమో పూనుకుంటేనే వస్తుంది. స్కూల్ గేమ్స్‌లో అండర్-14, 17, 19 విభాగాల్లో ఈ ఆట ఉంది కాబట్టి, ఒకసారి బంతి చేతికొచ్చిన పిల్లలు జిల్లా జట్టు గురించి, రాష్ట్ర జట్టు గురించి కలలు కంటారు. అనంతపురంలో రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు పల్లెపిల్లలకు ఈ ఆట నేర్పుతోంది. అమెరికాలో ఉంటున్న మనవాళ్ల ఆడపిల్లలు స్కూలు జట్లలో ఆడుతున్నారు. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో సాఫ్ట్‌బాల్ మళ్లీ ఉంటుంది. ఇవన్నీ సంతోషపడాల్సిన సంగతులే.

చిక్కు ఎక్కడ వస్తుందంటే, జట్టులో ఒక అమ్మాయి బంతిని వేగంగా, సూటిగా వేయగలదని తేలిన మర్నాటి నుంచే అందరికీ తొందర పుడుతుంది. డ్రాప్ బాల్ నేర్పాలి, రైజ్ బాల్ నేర్పాలి, సెలక్షన్ల లోపు కర్వ్ కూడా వచ్చేయాలి. పదకొండేళ్ల పిల్లకు పాతికేళ్ల క్రీడాకారిణి వీడియో చూపించి అలాగే వెయ్యమంటారు. ఆ పిల్ల వేసేస్తుంది కూడా, ఆ వయసులో ఒళ్లు ఎటు తిప్పితే అటు తిరుగుతుంది కాబట్టి. రెండు నెలల తర్వాత జడ వేసుకోవడానికి చెయ్యి పైకెత్తలేకపోతుంది. కొత్త బంతి, అంటే కొత్త రకంగా బంతి వేయడం, ఎప్పుడు నేర్పాలన్నది టోర్నమెంటు తేదీని బట్టి నిర్ణయించకూడదు. పిల్ల ఒళ్లు, పాత బంతి మీద ఆమెకున్న పట్టు, ఈ రెండే నిర్ణయించాలి. కింద రాసినవన్నీ ఆ ఒక్క మాట నుంచి వచ్చినవే.

చెయ్యి కింద నుంచి వేస్తే దెబ్బ తగలదనుకోవద్దు

సాఫ్ట్‌బాల్ పిచ్చర్ చెయ్యి భుజం చుట్టూ పూర్తిగా ఒక చుట్టు తిరిగి, తుంటి పక్కన బంతిని వదులుతుంది. బేస్‌బాల్‌లో లాగా తల మీద నుంచి విసరదు కనుక ఇది ఒంటికి సహజమైన కదలిక, ఎన్ని వేసినా ఏమీ కాదు అన్న నమ్మకం ప్రపంచమంతా ఉంది. ఈ నమ్మకం తప్పు. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో ఆడిన పిచ్చర్లను అధ్యయనం చేసిన పరిశోధకులు, బంతి వదిలే సమయంలో భుజం కీలును బయటికి లాగే శక్తి సగటున ఒంటి బరువులో 80 శాతం దాకా ఉంటుందని లెక్కగట్టారు. చిన్న వయసు పిచ్చర్ల మీద చేసిన అధ్యయనంలోనూ భుజం, మోచేతుల మీద పడే భారం బేస్‌బాల్ పిచ్చర్ల స్థాయిలోనే తేలింది. ఆ నిష్పత్తిలోనే చూసుకుంటే 35 కిలోల పిల్ల వేసే ప్రతి బంతికీ భుజం కీలును 28 కిలోల బరువు లాగినట్టు. ఆ లాగుడును ఆపేది ముఖ్యంగా భుజం వెనక కండరాలు, భుజం ముందు నుంచి మోచేతికి దిగే బైసెప్స్ కండరం. సాఫ్ట్‌బాల్ పిల్లలు ఎక్కువగా చెప్పే నొప్పి భుజం ముందు వైపు ఉండటానికి కారణం ఇదే.

పెద్దవాళ్లకూ పిల్లలకూ ఇంకో తేడా ఉంది. ఎదిగే పిల్లల ఎముకల చివర మెత్తటి పెరుగుదల పొర ఉంటుంది. అది గట్టిపడేదాకా కండరం కన్నా, స్నాయువుల కన్నా ఆ పొరే ముందు దెబ్బతింటుంది. పెద్దవాళ్లకు కండరం పట్టేసే చోట పిల్లలకు ఎముకకే గాయం కావచ్చు. బయటికి వాపు కూడా కనిపించదు.

బంతి బరువు కూడా గుర్తుంచుకోండి. క్రికెట్ బంతి సుమారు 156 నుంచి 163 గ్రాములు. 12 అంగుళాల చుట్టుకొలత ఉన్న సాఫ్ట్‌బాల్ 178 నుంచి 198 గ్రాములు. పదేళ్ల పిల్ల చేతిలో అది పట్టదు. పట్టని బంతిని గట్టిగా పిసికి పట్టుకుంటే ముంజేయి బిగుసుకుపోతుంది. బిగిసిన ముంజేతితో మణికట్టు తిప్పితే మోచెయ్యి లాగేస్తుంది. అమెరికాలో పదేళ్ల లోపు వాళ్లకు 11 అంగుళాల బంతి, 35 అడుగుల దూరం. 12 లోపు వాళ్లకు 12 అంగుళాల బంతి, 40 అడుగులు. ఆ తర్వాతే పెద్దవాళ్ల 43 అడుగులు, అంటే 13.11 మీటర్లు. చిన్న బంతి దొరకకపోతే దూరమైనా తగ్గించండి. రెండూ పెద్దవాళ్లవి పెట్టి కొత్త బంతి మాత్రం నేర్పకండి.

ఏది ముందు, ఏది తర్వాత

ముందు ఫాస్ట్ బాల్. మామూలు సూటి బంతి. పదిలో ఏడు బంతులు క్యాచర్ గ్లోవు పెట్టిన చోటికి వచ్చేదాకా మరో బంతి మాట ఎత్తకండి. ఆ ఏడూ ఒక్క రోజు వస్తే చాలదు. కొన్ని వారాల పాటు, అలసిన చివరి పది బంతుల్లో కూడా రావాలి. అలసినప్పుడు పిల్ల ఏం చేస్తుందో చూడండి. కాలు పొట్టిగా పడుతుందా, నడుం వెనక్కి వంగుతుందా, బంతి వదిలాక చెయ్యి అకస్మాత్తుగా ఆగిపోతుందా? ఆ తప్పు ఫాస్ట్ బాల్‌లో ఉంటే కొత్త బంతిలో రెట్టింపవుతుంది.

శక్తి కాళ్ల నుంచి రావాలి. గిలకలదిండి పిల్లలకు ఇది చెప్పడం తేలిక. ఒడ్డున వల లాగేవాళ్లు చేతులతో లాగరు. కాళ్లు తన్నిపెట్టి నడుముతో వెనక్కి వాలతారు, చేతులు పట్టుకునే ఉంటాయి. పిచింగ్‌లో కూడా వెనక కాలు నేలను తన్నాలి, ముందు కాలు గట్టిగా దిగాలి, తుంటి తిరగాలి. చెయ్యి వాటి వెంట రావాలి. ఈ సంగతి ఒంటబట్టించుకున్న పిల్లకే రెండో బంతి.

రెండో బంతి ఛేంజప్ అయి తీరాలి. చెయ్యి అదే వేగంతో తిరుగుతుంది, పట్టు మార్చడం వల్ల బంతి మెల్లగా వెళ్తుంది. మణికట్టు మెలితిప్పే పని లేదు, ఒళ్లు వంచే పని లేదు. బ్యాటర్‌కు ఇబ్బంది మాత్రం ఎక్కువ, ఫాస్ట్ బాల్ అనుకుని ముందే ఊపేస్తుంది. అండర్-14 స్థాయిలో ఫాస్ట్ బాల్, ఛేంజప్ రెండూ కచ్చితంగా వేయగల పిల్ల, నాలుగు బంతులు సగం సగం వేసే పిల్ల కన్నా ఎక్కువ వికెట్లు తీస్తుంది. (సాఫ్ట్‌బాల్‌లో వికెట్లు ఉండవు, ఔట్లే. అయినా మన పిల్లలు అలాగే అంటారు, అనుకోనివ్వండి.) ఛేంజప్ నేర్పేటప్పుడు చూడవలసింది ఒక్కటే: బంతి మెల్లగా వెళ్లాలని పిల్ల చెయ్యిని మధ్యలో ఆపేస్తుంది. తిరుగుతున్న చేతిని ఆపడం వల్ల భుజానికి దెబ్బ. చెయ్యి ఆపవద్దని, పట్టు మాత్రమే మార్చమని ప్రతిసారీ చెప్పండి.

మూడోది డ్రాప్ బాల్, బ్యాటర్ దగ్గరికి వచ్చి కిందికి దిగేది. పన్నెండు, పదమూడేళ్లు వచ్చాక, ఛేంజప్ కుదిరాక. డ్రాప్ వేయడానికి రెండు పద్ధతులున్నాయి. ఒకదానిలో వేళ్లు బంతి వెనక నుంచి పైకి జారుతూ వదులుతాయి, బంతి ముందుకు దొర్లినట్టు తిరుగుతుంది. దీన్ని పీల్ డ్రాప్ అంటారు. ఫాస్ట్ బాల్ వేసిన చేతికి ఇది కొంచెం మార్పే. రెండోది రోల్‌ఓవర్. వదిలే క్షణంలో అరచేతిని బంతి మీదుగా బోర్లా తిప్పేస్తారు. ముంజేయి మొత్తం ఒక్కసారిగా మెలిక పడుతుంది. సాఫ్ట్‌బాల్ పిచ్చర్లకు ముంజేతిలోని అల్నా ఎముక సన్నగా చిట్లడం వైద్య సాహిత్యంలో నమోదైన గాయం. ఇలాంటి మెలికలు పదేపదే పడితే ఆ ఎముక మీద భారం పెరుగుతుంది. అండర్-14 పిల్లలకు రోల్‌ఓవర్ నేర్పకండి. బంతి త్వరగా వంగుతుంది కాబట్టి కోచ్‌కు అది ముచ్చటగా ఉంటుంది. అయినా వద్దు.

కర్వ్, రైజ్, స్క్రూ బంతులు హైస్కూలు చివరికి వదిలేయండి. పక్కకు వంగే కర్వ్ కోసం పిల్లలు చెయ్యిని పొట్ట అడ్డంగా కోస్తారు, తుంటి తిరగకుండానే. ఆ దెబ్బంతా మోచేతి మీద పడుతుంది. స్క్రూ బాల్ కుడిచేతి పిచ్చర్ వేస్తే కుడిచేతి బ్యాటర్ ఒంటి మీదికి వస్తుంది. నేర్చుకునే దశలో అది ఎక్కడికి వెళ్తుందో వేసేవాళ్లకే తెలియదు.

రైజ్ బాల్ మీద మాత్రం కొంచెం ఎక్కువ చెప్పాలి, అందరికీ మోజు దాని మీదే కాబట్టి. బంతిని వెనక్కి తిప్పుతూ వేస్తే గాలి దాన్ని కొంచెం పైకి పట్టుకుంటుంది. బంతి నిజంగా పైకి లేవడం కన్నా, పడాల్సినంత పడకపోవడమే ఎక్కువ. దానికి మంచి వేగం కావాలి, పదునైన తిప్పు కావాలి. పన్నెండేళ్ల పిల్ల వేగానికి అది జరగదు. ఆమె ఏం చేస్తుందంటే, బంతి పైకి వెళ్లాలని నడుమును విల్లులా వెనక్కి వంచి, భుజం కిందికి దించి వేస్తుంది. అది రైజ్ కాదు, ఎత్తుగా వేసిన ఫాస్ట్ బాల్. లాభం ఏమీ లేకుండా నడుం కింది వెన్నుపూసల మీద భారం వేస్తున్నాం. పైగా ఆ బంతి బ్యాటర్ ముఖం ఎత్తులో వెళ్తుంది.

ఒక సీజనుకు ఒక్క కొత్త బంతి. అంతకు మించి వద్దు.

నేర్పే రోజు ఎలా ఉండాలి

ముందు ఒళ్లు వేడెక్కించండి. పది నిమిషాలు మెల్లగా పరుగు, తుంటి, తొడ, భుజం కదలికలు. చెయ్యి తిప్పడం చివరికి. తర్వాత పాత సాక్సులు ఉండలా చుట్టి, ఆ ఉండతోనే కొత్త పట్టు, మణికట్టు కదలిక నేర్పండి. అది బరువుండదు, ఎవరికి తగిలినా నొప్పి ఉండదు, డబ్బు ఖర్చు లేదు. చెయ్యి సగం గుండ్రం తిప్పి నాలుగైదు అడుగుల దూరంలో గోడకు వేయించండి. తర్వాత బంతితో సగం దూరం. పూర్తి దూరం నుంచి కొత్త బంతి మొదటి వారాల్లో రోజుకు పది, పదిహేను మించి వద్దు. అవి కూడా పిల్ల అలసిపోక ముందు, సాధన మొదట్లోనే. చివర్లో అలసిన చేతితో కొత్తది నేర్పితే అలసిన కదలికే అలవాటవుతుంది.

బరువు బంతులు వాడకండి. చేతికి ఇసుక మూటలు కట్టి తిప్పించకండి. వేగం పెరుగుతుందని ఎవరో చెప్పినా సరే.

కొత్త బంతి కోసం సాధన చేసే రోజు బౌలింగ్, బరువైన త్రోలు పెట్టకండి. ఇక్కడి పిల్లలకు ఇంకో లెక్క కూడా ఉంది. గిలకలదిండి హార్బరు దగ్గర ఇళ్లలో పిల్లలు పొద్దున్నే పనికి చెయ్యి వేస్తారు. చేపల గంపలు మొయ్యడం, ఎండుచేపలు తిరగెయ్యడం, నీళ్ల బిందెలు తేవడం, రొయ్యలు ఒలవడం. ఉదయం గంపలెత్తిన చెయ్యి సాయంత్రానికి తాజాగా ఉండదు. "ఇవాళ ఇంట్లో ఏం పని చేశావమ్మా?" అని అడిగాకే బంతి ఇవ్వండి. ఆ ప్రశ్న పిల్లను చిన్నబుచ్చేలా కాకుండా, అందరినీ అడిగే మామూలు ప్రశ్నగా ఉండాలి. రొయ్య ముల్లు గుచ్చుకున్న వేలుతో, బొబ్బ చితికిన వేలుతో కూడా వేయించవద్దు. వేలు నొప్పిని తప్పించుకోవడానికి పిల్ల పట్టు మారుస్తుంది, ఆ మారిన పట్టు మోచేతి దాకా పోతుంది. గుచ్చుకున్న చోట ఎర్రబడి వాస్తే వెంటనే వైద్యుడికి చూపించాలి, ధనుర్వాతం టీకా సంగతి అడగాలి.

బంతులు లెక్కపెట్టండి

ఈ వ్యాసంలో చెప్పినవాటిలో ఒక్కటే చేయగలిగితే ఇది చేయండి. ప్రతి పిచ్చర్‌కూ ఒక నోటు పుస్తకం పెట్టి, వేసిన ప్రతి బంతీ రాయండి. సన్నాహపు బంతులు, సాధన బంతులు, మ్యాచ్ బంతులు అన్నీ.

అంతర్జాతీయ సాఫ్ట్‌బాల్ నిబంధనల్లో పిచ్చర్ ఇన్ని బంతులే వేయాలన్న పరిమితి లేదు. పిల్లల బేస్‌బాల్‌లో ఉంది. అమెరికాలో లిటిల్ లీగ్ బేస్‌బాల్‌లో 11, 12 ఏళ్ల పిల్ల రోజుకు 85 బంతులు దాటకూడదు. క్రికెట్‌లో ఇంగ్లండ్ బోర్డు పదమూడేళ్ల లోపు ఫాస్ట్ బౌలర్లకు ఒక స్పెల్‌లో ఐదు ఓవర్లు, రోజుకు పది ఓవర్లని హద్దు పెట్టింది. సాఫ్ట్‌బాల్‌కు నిబంధన లేకపోయినా అమెరికాలో క్రీడా వైద్యుల సంఘాలు నడిపే స్టాప్ స్పోర్ట్స్ ఇంజరీస్ ప్రచారం కొన్ని సూచనలు ఇచ్చింది. ఒక్క మ్యాచ్‌కు 8 నుంచి 10 ఏళ్ల వాళ్లకు 50 బంతులు, 10 నుంచి 12 వాళ్లకు 65, 13, 14 వాళ్లకు 80, పదిహేను దాటిన వాళ్లకు 100. పన్నెండేళ్ల లోపు పిల్లలు వరసగా రెండు రోజులు వేస్తే మూడో రోజు ఒక్క బంతీ వేయకూడదు. మనం ఈ అంకెల కన్నా ఇంకా తక్కువే పెట్టుకోవాలి, ఎందుకంటే మన పిల్లలకు తిండి, నిద్ర, విశ్రాంతి ఆ దేశపు పిల్లలకు అందినంత అందవు. మన రాష్ట్రంలో సగానికి పైగా ఆడవాళ్లు రక్తహీనతతో ఉన్నారని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. రక్తం తక్కువున్న పిల్ల తొందరగా అలసిపోతుంది, అలసిన పిల్ల కాళ్లు వదిలేసి చేత్తో వేస్తుంది. పిచ్చర్‌కు ఒకసారి హిమోగ్లోబిన్ పరీక్ష చేయించడం బూట్లు కొనడం కన్నా ముందు చేయవలసిన పని.

ఏడాదిలో రెండు మూడు నెలలు పిచింగ్ పూర్తిగా మాన్పించండి. ఆ నెలల్లో పిల్ల కబడ్డీ ఆడనివ్వండి, ఖోఖో ఆడనివ్వండి, ఈత కొట్టనివ్వండి.

ఒక్క పిచ్చర్ మీద జట్టు నడపకండి. మన జిల్లా జట్లలో అసలు జబ్బు ఇదే అని నేను నమ్ముతాను. ఒక అమ్మాయి బాగా వేస్తుందని టోర్నమెంటంతా ఆమె చేతే వేయిస్తారు. దానికి జపాన్ పిచ్చర్ యుకికో ఉఎనోను ఉదాహరణగా చెప్పేవాళ్లున్నారు. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో ఆమె రెండు రోజుల్లో మూడు మ్యాచ్‌లు వేసి, 413 బంతులతో జపాన్‌కు బంగారు పతకం తెచ్చింది. గొప్ప ఘనతే. కానీ అప్పుడు ఆమెకు 26 ఏళ్లు. ఎముకలు ఎదిగి, ఏళ్ల తరబడి శిక్షణ పొందిన వృత్తి క్రీడాకారిణి, పక్కన వైద్య బృందం ఉన్న మనిషి. ఆమె కథను ఏడో తరగతి పిల్లకు చెప్పండి, కానీ ఆ లెక్క ఆ పిల్ల మీద పెట్టకండి. జట్టుకు కనీసం ముగ్గురికి పిచింగ్ నేర్పండి. మూడో అమ్మాయి వేసినప్పుడు పరుగులు పోతాయి. పోనివ్వండి.

నేల, వల, గాలి

కృష్ణా డెల్టా నల్లమట్టి ఎండాకాలం నెర్రెలు విచ్చుతుంది, వానాకాలం జారుతుంది. సముద్రం దగ్గర ఇసుక, ఉప్పునేల. పిచ్చర్ ముందు కాలు పడే చోట రోజురోజుకూ గుంట పడుతుంది. ఆ గుంటలో కాలు పడితే చీలమండ, మోకాలు రెండూ మెలిపడతాయి. సాధన మొదలుపెట్టే ముందు గుంట పూడ్చి, నీళ్లు చల్లి, అణచండి. అటూ ఇటూ నడిచి ఆలుచిప్పలు, గాజుపెంకులు, చేపముళ్లు ఏరేయండి. పిచ్చర్ నిలబడే పలకకు చెక్క వాడితే మేకులు పైకి లేవకుండా చూడండి. ఒట్టి కాళ్లతో పిచింగ్ చేయించకండి.

కొత్త బంతి నేర్చుకునేటప్పుడు బంతులు గాడి తప్పుతాయి. క్యాచర్‌కు ముఖానికి మాస్కు, ఛాతీకి రక్షణ, కాళ్లకు ప్యాడ్లు లేకుండా కూర్చోబెట్టకండి. సామగ్రి లేకపోతే క్యాచర్ వద్దు, వల కట్టండి. గిలకలదిండిలో పాత వలలకు కొదవేముంది? సాఫ్ట్‌బాల్ అడ్డుకొలత సుమారు పది సెంటీమీటర్లు, కన్ను అంతకన్నా బాగా చిన్నదైన వల చూసుకోండి. రెండు పొరలు వేసి వదులుగా వేలాడదీయండి. బిగించి కడితే బంతి తిరిగి ముఖం మీదికే వస్తుంది. అంచు తాడుకున్న సీసపు గుళ్లు, తేలుడు బెండ్లు తీసేయండి. ఎండకు వల నూలు చివికిపోతుంది, పది రోజులకోసారి చేత్తో లాగి చూడండి. వల వెనక చిన్నపిల్లలు కూర్చోకుండా చూసుకోవలసింది కోచే.

బ్యాటర్‌ను నిలబెట్టి కొత్త బంతి వేయించడం చాలా తర్వాతి సంగతి. ముందు వల, తర్వాత క్యాచర్, ఆ తర్వాత బ్యాట్ ఊపకుండా నిలబడే బ్యాటర్, అందరికన్నా చివర ఆడే బ్యాటర్. నిలబడే పిల్లకు ముఖం ముందు కమ్మీలున్న హెల్మెట్ తప్పనిసరి. పిచ్చర్‌కు కూడా ముఖ రక్షణ ఉంటే మంచిది. బంతి వదిలాక పిచ్చర్ బ్యాటర్‌కు పదకొండు, పన్నెండు మీటర్ల దూరంలోనే ఉంటుంది. గట్టిగా కొట్టిన బంతి అర సెకను లోపే ఆమెను చేరుతుంది. చేతులు అడ్డం పెట్టేంత వ్యవధి కూడా ఉండదు.

మధ్యాహ్నం దాటితే సముద్రపు గాలి లేస్తుంది. ఎదురుగాలిలో బంతి ఎక్కువ వంగుతుంది, వెనకగాలిలో తక్కువ. కొత్త బంతి మొదటి వారాలు ఆ గాలిలో నేర్పితే, గాలి చేసిన పనిని పిల్ల తన చేతితో సరిచేయబోతుంది. పొద్దున గాలి తక్కువున్నప్పుడు నేర్పండి. ఎండ సంగతీ దానితోనే తీరుతుంది. బందరులో ఏప్రిల్, మే నెలల ఉక్కపోత తెలియనిది కాదు. ఉదయం ఎనిమిది దాటాక, సాయంత్రం ఐదుకు ముందు పిచింగ్ వద్దు. పావుగంటకోసారి నీళ్లు, మధ్యలో ఉప్పు వేసిన మజ్జిగ. తల తిరుగుతోందని, ఒళ్లు జలదరిస్తోందని పిల్ల అంటే నీడకు తీసుకెళ్లి ఒళ్లు తడపాలి, ఆ రోజుకు ఆట లేదు. తడిసిన బంతితో కూడా పిచింగ్ వద్దు. ఉరుము వినపడితే అందరూ పక్కా భవనంలోకి వెళ్లాలి, చివరి ఉరుము తర్వాత అరగంట దాకా మైదానంలో అడుగుపెట్టకూడదు. చెట్టు కింద నిలబడకూడదు, అల్యూమినియం బ్యాట్లు చేతిలో పట్టుకుని అసలే వద్దు.

నొప్పి అన్న పిల్ల మాట నమ్మండి

కండరాలు రెండు రోజులు పట్టేసినట్టుండటం వేరు. భుజం ముందు ఒకచోట వేలు పెట్టి చూపించగల నొప్పి, రాత్రి నిద్రలేపే నొప్పి, ముంజేతి ఎముక మీద నొక్కితే గుచ్చే నొప్పి, వేళ్లకు తిమ్మిరి, మోచెయ్యి పూర్తిగా చాచలేకపోవడం, ఇవి వేరు. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా పిచింగ్ ఆ క్షణమే ఆపాలి, ఎముకల వైద్యుడికి చూపించాలి. నొప్పి మాత్ర వేసి మ్యాచ్‌లో దింపకండి. మాత్ర నొప్పిని దాస్తుంది, గాయాన్ని మాన్పదు.

హార్బరులో ఐసుకు లోటు లేదు. చేపల పెట్టెలో ఐసు మాత్రం తీసి నేరుగా ఒంటి మీద పెట్టకండి. శుభ్రమైన ఐసు ప్లాస్టిక్ సంచిలో వేసి, గుడ్డ చుట్టి, పదిహేను నిమిషాలు పెట్టి తీసేయాలి. నూనె రాసి గట్టిగా మర్దన చేయవద్దు. ఎక్స్‌రే తీయకుండా నాటు కట్టు కట్టించవద్దు, పెరుగుదల పొర దగ్గర విరిగిన ఎముక వంకరగా అతుక్కుంటే ఆ చెయ్యి జీవితమంతా అలాగే ఉంటుంది. బందరులోనే 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది, దూరం పోనక్కర్లేదు. బంతి తలకు తగిలితే, పిల్ల బాగానే ఉన్నానన్నా ఆ రోజు ఆట ముగిసినట్టే. వాంతులు, మత్తు, మాట తడబాటు ఉంటే 108కి ఫోన్ చేయండి.

పిల్లలు నొప్పి దాస్తారు. జట్టులో చోటు పోతుందని, సార్ కోప్పడతారని, ఇంట్లో ఆట మాన్పిస్తారని. మూడో భయం ఆడపిల్లలకు ఎక్కువ. తల్లిదండ్రులు ఒక మాట ముందే చెప్పాలి: "నొప్పి అని చెబితే ఆట మాన్పించం తల్లీ, నయమయ్యేదాకా ఆపుతాం, అంతే." ఈ మాట విన్న పిల్ల తొందరగా చెబుతుంది, తొందరగా చెప్పిన గాయం తొందరగా మానుతుంది.

మణికట్టు, భుజం సరిచేయడానికి పిల్లను తాకవలసి వస్తే ముందు అడగండి, నలుగురూ ఉన్నచోటే చేయండి. చాలా వరకు తాకకుండా, ఎదురుగా నిలబడి చేసి చూపిస్తే చాలు. ఆడపిల్లల జట్టు వెంట ఒక మహిళా టీచరో, ఒక తల్లో ఉండాలి. శుభ్రమైన మరుగుదొడ్డి లేని చోట రోజంతా శిబిరం పెట్టకండి. మరుగుదొడ్డికి వెళ్లలేమని పిల్లలు నీళ్లు తాగడం మానేస్తారు. నెలసరి రోజుల్లో పిల్ల ఆడతానంటే ఆడనివ్వండి, వద్దంటే కారణం అడక్కండి. ఏ పిల్లయినా ఇబ్బంది పడుతుంటే ఫోన్ చేయడానికి పిల్లల సహాయవాణి 1098 నంబరు అందరికీ తెలిసేలా గోడ మీద రాయండి.

కృష్ణా జిల్లాలో స్కూల్ గేమ్స్ సాఫ్ట్‌బాల్ నడిపే ఫిజికల్ డైరెక్టర్లకు (పీడీలకు), పీఈటీలకు నాదొక విన్నపం. పై నుంచి నిబంధన వచ్చేదాకా ఆగనక్కర్లేదు. మండల స్థాయి మ్యాచ్ నుంచే స్కోరుషీటులో ప్రతి పిచ్చర్ పేరు పక్కన ఆ రోజు వేసిన బంతుల లెక్కకు ఒక గడి గీయండి. అండర్-14 పిల్లకు ఆ లెక్క 65 చేరగానే మరో అమ్మాయి చేతికి బంతి ఇవ్వాలని మ్యాచ్‌కు ముందే రెండు జట్ల కోచ్‌లతో ఒప్పందం రాయించుకోండి. దానికి ఒక పెన్సిలు, ఒక మనిషి చాలు.